ఈరేష్ మాట

కల్లూరులోని ఆ ఇంట్లో పొద్దున్నే కుక్కర్ కూతల మధ్య శివజ్యోతి ఫోన్లో మాట్లాడుతోంది. అవతల ఉన్నది మంగంపేట గని కూలీ భార్య. కాన్పు ఆపరేషన్లో డాక్టరు ఆమె కడుపులో గుడ్డ మరిచిపోయి కుట్లు వేశాడు. "భయపడద్దమ్మా, నేనుండా కదా," అని ధైర్యం చెబుతూ, భర్త పిలుస్తున్న సంగతి ఆమె గమనించలేదు. ఈరేష్ పిలుపు పెదవులు దాటడం లేదు. చివరికి గరిటె తీసుకుని గట్టు మీద కొట్టాడు. అప్పటికే పాలు పొంగిపోయాయి.

కిందటి దసరా సెలవుల్లో థైరాయిడ్ గడ్డ తీయించుకోవడానికి స్నేహితుడు డాక్టర్ ప్రదీప్‌కుమార్ దగ్గరికి వెళ్ళాడు ఈరేష్. ఆపరేషన్లో గొంతు నరం తెగింది. వెనక బెంచీ దాకా పద్యం వినిపించే తెలుగు మాస్టారికి గుసగుస ఒక్కటే మిగిలింది. "వాపు, తగ్గిపోతుంది," అంటూనే ఉన్నాడు డాక్టరు. వైద్యుల నిర్లక్ష్యానికి బలైనవాళ్ళ తరఫున ఏళ్ళుగా వాదిస్తున్న శివజ్యోతికి అది అబద్ధమని తెలుసు.

అత్త మహాదేవమ్మ విసురుగా వంటింట్లోకి వచ్చింది.

"ప్రదీపుకు నోటీసు పంపినావంటనే! ఆ పొద్దు నా కడుపులో గడ్డ తీసి బతికిచ్చింది ఆయప్పే గదా? కోర్టుకీడుస్తావా?"

"మిమ్మల్ని బతికిచ్చినందుకు దండం పెడతా అత్తా. మీ కొడుకు గొంతు పోగొట్టినందుకు కేసేస్తా. రెండూ ఒకటి గాదు."

ఈరేష్ ముఖం పాలిపోయింది. భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"నన్నడిగినావా?"

"మీ కోసమే గదా..."

"నీ కేసుల్లో... నేనొకటా?" దగ్గు తెర అడ్డొచ్చింది.

"ఆయాసపడద్దు. మీరేమంటారో నాకు తెలుసు."

ఆ మాటకు అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. "అందరూ తెలుసంటారు. ఎవురూ వినరు."

శివజ్యోతికి అప్పుడు తట్టింది. బడిలో, అంగట్లో, ఆసుపత్రిలో అతని మాట తానే పూర్తి చేస్తోంది. ఆత్మకూరు నుంచి ఏడుస్తూ వచ్చే ఆడవాళ్ళనూ "నాకు తెలుసమ్మా" అనే ఆపేది. స్టవ్ కట్టేసి, భర్త పక్కన కూర్చుని, అతని పెదవుల దగ్గర చెవి పెట్టింది.

"చెప్పండి. మీకేం కావల్ల?"

"వాడొచ్చి నిజం చెప్పల్ల. రాకుంటే కేసెయ్యి. ఆడ నేనే మాట్లాడతా."

మహాదేవమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నీ ఇష్టం నాయనా," అంది.

ప్రదీప్‌కుమార్ రాలేదు.

మండు వేసవిలో వినియోగదారుల కమిషన్ ముందు విచారణ జరిగింది. "ఆయన బదులు లాయరమ్మ చెప్పొచ్చు కదా?" అన్నాడు డాక్టరు తరఫు వకీలు. ఈరేష్ తల అడ్డంగా ఊపాడు. వినపడటం కోసం కమిషన్ అధ్యక్షుడు ఫ్యాన్లు ఆపించాడు. ఆ ఉక్కలో ఒక్కరూ కదల్లేదు.

"వాడు నా స్నేహితుడు సార్. తప్పయిందని ఒక్కసారంటాడని శానా దినాలు ఎదురు చూసినా."

వకీలు పక్కన కూర్చున్న ప్రదీప్‌కుమార్ తల దించుకున్నాడు.

"ఇంక నేను పిల్లోల్లకు..." తర్వాతి మాట గాలిలో కలిసిపోయింది. అందించబోయి అలవాటుగా లేచింది శివజ్యోతి. భర్త ముఖం చూసి, మళ్ళీ కూర్చుంది.

ఈరేష్ ఊపిరి కూడదీసుకున్నాడు. "పద్యం చెప్పలేను సార్," అన్నాడు.