చుట్టం సందు

కొలోన్‌లో మా స్వలింగ ప్రేమికుల ఊరేగింపు రోజున గది దొరకడమంటే గగనకుసుమమే. ఆ సంగతి తెలిసీ ముందుగా చూసుకోని నా బద్ధకాన్ని ఏమనాలి! ఏ హోటల్లో అడిగినా ఖాళీ లేదన్నారు.

"దొరక్కపోతే నేను సాయంత్రం బండికి బ్రెమెన్‌లో మనింటికి వెళ్ళిపోతా టోర్బెన్. ఇదంతా నాకు పడదు," అన్నాడు హెన్నింగ్.

ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో కాపురముంటున్నాం. వీధిలో ఒక్కసారైనా నా చెయ్యి పట్టుకోలేదు. ఈ ఊరేగింపులో పట్టుకుంటానని మాటిచ్చాడు. ఇప్పుడు బండెక్కాడా, ఇక జన్మలో పట్టుకోడు. అందుకే ఒక కిటికీలో "గది ఉంది" అన్న అట్టముక్క కనబడగానే ముందూ వెనకా చూడకుండా గంట కొట్టాను.

క్యూపర్స్ అనే ముసలావిడ తలుపు తీసింది. గది నిండా కలరా ఉండల వాసన. పెద్ద మంచం, దాని మీద రెండు విడి పరుపులు, మధ్యలో సందు. మా జర్మనీలో మంచాలన్నీ అంతే. దాన్ని చుట్టం సందు అంటాం. మూడో మనిషొస్తే అందులో పడుకోవాలని వేళాకోళం. జంటలైతే ఒక మెత్తటి పట్టీతో దాన్ని పూడ్చుకుంటారు. దాని పేరు ప్రేమ వంతెన.

"వంతెన వెయ్యనా బాబూ?" అడిగిందావిడ.

హెన్నింగ్ చెవులు ఎర్రబడ్డాయి. "అబ్బే, అక్కర్లేదండీ. మేం ఉత్త స్నేహితులం."

"మా అన్నయ్యా అంతే. ఈ గదిలోనే తనతో కాపురమున్నాయన్ని అందరికీ 'మా చుట్టం' అనే చెప్పేవాడు, ఆయన పోయేదాకా," అని గొణుక్కుంటూ ఆవిడ వెళ్ళిపోయింది.

ఉత్త స్నేహితులట! ఒళ్ళు మండింది. ఊరేగింపుకి ఇంకా వేళ కాలేదు. ఎండ పడకుండా కిటికీ మీది చెక్క తెర పూర్తిగా దించేసి, గోడవైపు తిరిగి పడుకున్నాను. పట్టపగలే కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. దూరంగా డప్పులు. ఎక్కడో నీళ్ళ చప్పుడు...

వెనక పరుపు కిర్రుమంది. ఒక చెయ్యి మెల్లగా వచ్చి నా చేతిని పట్టుకుంది.

కోపమంతా కరిగిపోయింది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

"హెన్నింగ్..." అన్నాను గుసగుసగా.

పట్టు బిగిసింది. ఎంత చల్లగా ఉందో ఆ చెయ్యి... తడిసిన మట్టి వాసన...

తలుపు తెరుచుకుంది. వసారా వెలుగులో హెన్నింగ్, భుజాన తువ్వాలు.

"స్నానం చేసొచ్చేలోపు ఎవరితోరా కబుర్లు?"

నా చెయ్యి సందులోకి దిగిపోయింది. మోచేతి దాకా... భుజం దాకా...

"లాగుతోంది... హెన్నింగ్, లాగేస్తోంది!"

వాడు ఒక్క గెంతులో వచ్చి నన్ను నడుం పట్టి వాటేసుకున్నాడు. "వదులు! ఇతను నా మనిషి! విన్నావా? నా మనిషి!"

పట్టు ఊడిపోయింది. తెర ఎత్తి చూస్తే సందులో ఏమీ లేదు. కింద మంచం చెక్కలు, అంతే.

సంచులు భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తాం. జనంలో పడ్డాక, అందరూ చూస్తుండగా, హెన్నింగ్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ సంతోషంలో భయం కూడా మరిచిపోయాను.

"ఫోటో తియ్యనా?" అంటూ రంగుల టోపీ పెట్టుకున్న ఒకమ్మాయి ఎదురొచ్చింది. "నవ్వండి! మధ్యలో ఉన్నాయన, మీరు కాస్త తలెత్తండి!"

హెన్నింగ్ వైపు తిరిగాను. వాడు నవ్వుతూ జనానికి రెండు చేతులూ ఊపుతున్నాడు.

నా చెయ్యి మాత్రం ఇంకా ఎవరి చేతిలోనో ఉంది.