ముప్పై వేల జతల కళ్లు

"మొత్తం తుడిచెయ్ గఫూర్. ఒక్క రికార్డు కూడా మిగలకూడదు."

చీఫ్ రేణుక ఫోన్లో కూడా ఫైలు మీద సంతకం పెట్టినట్టే మాట్లాడుతుంది. ప్రొద్దుటూరు బస్టాండు బయట ఏజెంట్ గఫూర్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. వారం నుంచి సాఫ్ట్‌వేర్ మెకానిక్ వేషంలో జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు మధ్య బస్సుల్లో తిరిగి నడుము పడిపోయింది.

ఒక రక్షణ ప్రయోగశాల తలుపు ఒకే సైంటిస్టు కనుపాపను చూసి తెరుచుకుంటుంది. ఆయన సెలవులో వచ్చి, మారుపేరుతో పులివెందులలో కళ్లు చూపించుకున్నాడు. ఆ కనుపాప ఫోటో మూడు ఊళ్లలో బ్రాంచీలున్న ఈ కంటి క్లినిక్ సర్వర్లో, ముప్పై వేల మంది రికార్డుల మధ్య ఎక్కడో ఉంది. విదేశీ ముఠా దాన్ని ఈరోజే లాగేస్తుందని సమాచారం.

"ఆ మారుపేరేదో ఆయన్నే అడగొచ్చుగా మేడం?"

"సబ్‌మెరీన్‌లో ఉన్నాడు. అందడు. సమాచారమిచ్చిన లహరి క్లినిక్‌లోనే ఉంటుంది. ఆమె చెప్పినట్టు చెయ్."

ప్రొద్దుటూరు క్లినిక్ కిటకిటలాడుతోంది. సర్వర్ గది ముందు బెంచీ మీద ఒక ముసలామె అతని చెయ్యి పట్టుకుంది. కొండాపురం లక్ష్మీదేవమ్మ.

"ఏమబ్బీ, కంప్యూటర్ రిపేరు చేస్తాండావంటనే. జాగ్రత్త నాయనా. మా ఊరు డ్యామ్ నీళ్లల్లో పాయ, కంటి చీటీలన్నీ దాంతోనే పాయ. నా కంటి ప్రెషర్ సంగతంతా ఇప్పుడు దాంట్లోనే ఉంది. అది పోతే ఈ ఉండే చూపు గూడా పోతాది."

గఫూర్ జేబులోని పెన్ను తడుముకున్నాడు. సర్వర్‌కు గుచ్చితే క్షణాల్లో అన్నీ మాయం చేసే పెన్ను.

"రెడీనా సార్?" చెవి పక్కన సెంటు వాసన. క్లినిక్‌లో కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్ లహరి. సినిమా పోస్టర్లోంచి దిగివచ్చినట్టుండే మనిషి. "ఇప్పుడే వద్దు. భోజనాలు కానీండి. ఆ తర్వాత అంతా తుడిచేయండి."

గఫూర్ తలూపి సర్వర్ గదిలో కూలబడ్డాడు. దొంగతనం ఈరోజేనంటూ మధ్యాహ్నం దాకా ఆగమంటుందేం? ముందు తానే ఆ ఫోటో పంపించడానికి. తర్వాత తన జాడలు మన చేతే చెరిపించడానికి. రెండు వైపులా జీతం తీసుకునే వాళ్లు అతనికి కొత్త కాదు. కోపం కూడా రాలేదు.

తుడిచేస్తే పని అయిపోయేది. కానీ సైంటిస్టు కళ్లు పరీక్షించిన లహరికి ఆ మారుపేరు తెలుసు. ఆమె తెరిచేదాకా ఆగితే ఒక్క రికార్డుతో పోతుంది. అతను పోలీసులకు ఒక మెసేజ్ పెట్టి ఆగాడు.

కళ్లజోళ్ల కౌంటర్ దగ్గర ఇద్దరు తప్ప హాలు ఖాళీ అయ్యింది. స్క్రీన్ మీద ఒక రికార్డు తెరుచుకుంది: కృష్ణయ్య, గొర్రెల కాపరి, పెద్దముడియం. వెంటనే ఫోటో విదేశానికి అప్‌లోడ్ మొదలైంది. నలభై శాతం. డెబ్భై. గఫూర్ ఇంటర్నెట్ కేబుల్ పట్టి లాగాడు. రాలేదు. తొంభై ఐదు. రెండు చేతులతో గుంజాడు. తొంభై తొమ్మిది దగ్గర ఊడి చేతిలోకొచ్చింది.

లహరి పరుగెత్తుకొచ్చింది. "ఏంది సార్ ఇది?"

"భోజనాలైనాయమ్మా."

కౌంటర్ దగ్గర ఫ్రేములు పెట్టి చూసుకుంటున్న ఇద్దరు మఫ్టీ పోలీసులు ఆమెకు చెరోపక్కా నిలబడ్డారు. గఫూర్ కృష్ణయ్యను ఒక్కణ్నే చెరిపేశాడు.

"మొత్తం తుడవమన్నాను," అంది రేణుక ఫోన్లో.

"మర్చిపోయాను మేడం. వయసైంది."

బేడీలతో వెళుతూ లహరి ఆగింది. "గ్లాసు తలుపులోంచి చూసినా. ఆ పేరు చదివేదానికి స్క్రీన్‌కు ముక్కు ఆనిస్తాండావు. శానా పెద్ద పవర్ ఉంటాది సార్. ఈరోజే టెస్ట్ చేపించుకో."

గఫూర్ నిట్టూర్చాడు. మూడు బ్రాంచీలకూ ఉన్న ఒకే ఒక్క ఆప్టోమెట్రిస్ట్ పోలీసు జీపు ఎక్కుతోంది.