అవును, మాదే

ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉండేది. కింద మందుల షాపు, మధ్యలో కళ్ళజోళ్ళవాళ్ళు, పైన వీళ్ళు. గుమ్మం దగ్గర బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో గొప్ప పేరు రాసి ఉండేది కానీ, లోపల జరిగే పని మాత్రం ఒక్కటే. ఇక రావని బ్యాంకులు నీళ్ళు వదులుకున్న పాత క్రెడిట్ కార్డు బాకీలను కారుచౌకగా కొనడం, ఆ మనుషులకు ఫోన్లు చేసి పీడించడం.

వాటిలో చాలా బాకీలకు కాలం చెల్లిపోయి ఉండేది. గడువు దాటాక ఏ కోర్టూ వసూలు చేసి పెట్టదు. కాకపోతే ఒక చిన్న సందు ఉంది. అవతలి మనిషి రికార్డయ్యే ఫోనులో 'అవును, ఆ బాకీ నాదే' అని, నూరో యాభయ్యో కట్టాడంటే చాలు, లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఆ ఒక్క మాట అనిపించడమే అక్కడివాళ్ళ విద్య.

ఆ విద్యలో ఆరితేరినవాణ్ణి అందరూ 'తేనె' అని పిలిచేవారు. ఫోనెత్తితే చాలు, ఆడవాళ్ళను అక్కయ్యా అని, మగవాళ్ళను బావగారూ అని వరసలు కలిపేసేవాడు. భోంచేశారా అని మొదలుపెట్టి, వాళ్ళ మోకాళ్ళ నొప్పుల గురించి పావుగంట ఓపిగ్గా విని, అప్పుడు మెల్లగా అసలు సంగతికి వచ్చేవాడు. ఈవేళకి నూరు కట్టండి చాలు, మేనేజరుతో చెప్పి ఫైలు మూయించేస్తాను అనేవాడు. వాళ్ళు కట్టిన మర్నాటి నుంచి ఆ గొంతు వేరేగా ఉండేది. ఇలాంటివాడి మీద జాలిపడే ఓపిక నాకు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

బట్టలు కుట్టుకుని బతికే ఒకామె ఫైలు వాడి చేతికొచ్చింది. కార్డు ఆమెది కాదు, ఎప్పుడో పోయిన భర్తది. వారసులు తమంతట తాము 'మాదే' అని నెత్తినేసుకుంటే తప్ప, పోయినవాడి కార్డు బాకీ వాళ్ళ మీదికి రాదు. ఈ సంగతి తేనెకు తెలుసు, ఆమెకు తెలియదు. బావగారు పరువుగా బతికిన మనిషి కదా అక్కయ్యా, ఆయన పేరు మీద ఈ మచ్చ ఉండిపోవాలా అని అడిగాడు. ఆమె కాసేపు ఏడ్చింది. అవును బాబూ, మాదే అంది. నూరు కట్టింది.

ఇక చూడాలి. రోజుకు పద్నాలుగు ఫోన్లు. ఆమె ఎత్తడం మానేస్తే, 'సరే అక్కయ్యా, ఇంట్లోవాళ్ళతో మాట్లాడతాను' అని మెసేజ్ పెట్టేవాడు. ఇంట్లో ఎవరూ లేరని తెలిసి కూడా పెట్టేవాడు. తరవాత ఇంటి ఓనరుకు, ఎదురింటివాళ్ళకు, ఆమెకు బట్టలిచ్చే ప్రతి మనిషికీ చేసేవాడు. బట్టలు రావడం మానేశాయి. నాలుగు నెలలకు ఆమె కుట్టుమిషను ముందు కూర్చున్నది కూర్చున్నట్టే తల వాల్చేసిందట. నలభై ఆరేళ్ళు. ఓనరు ఫోనులో చెబితే తేనె 'అయ్యో' అని, ఫైలు మూసేసి, టీ తాగడానికి వెళ్ళాడు.

మూడు వారాలు గడిచాయి. ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. మధ్యాహ్నం ఒంటిగంటకే సాయంకాలంలా మసక కమ్మేసింది. అందరూ భోజనాలకు కిందికి వెళ్ళారు. నెలాఖరు టార్గెట్‌కు ఇంకా కొంచెం తక్కువవుతోందని తేనె ఒక్కడే సీట్లో ఉండిపోయాడు. కిటికీ అద్దాల మీద నీళ్ళు జారుతున్నాయి. ఏసీ సన్నగా మూలుగుతోంది. తడిసిన గొడుగుల ముక్కిన వాసన గదంతా పట్టేసింది. తలకు హెడ్‌సెట్ తగిలించుకుని, కంప్యూటర్ తనంతట తాను తరవాతి నంబరు కలుపుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

అవతల ఎవరో ఎత్తారు. స్క్రీన్ మీద నంబరూ లేదు, పేరూ లేదు. వెనకాల ఎక్కడో కుట్టుమిషను తొక్కుతున్న చప్పుడు. టక టక టక... ఆగి, మళ్ళీ టక టక టక.

"భోంచేశావా తమ్ముడూ?"

చాలా నెమ్మదైన గొంతు. పక్క సెక్షన్‌వాళ్ళు ఆటపట్టిస్తున్నారనుకుని తేనె నవ్వాడు. ఎవరండీ మీరు అన్నాడు.

"అక్కయ్యనే. ఒక పాత బాకీ ఉంది. గుర్తు చేద్దామని..."

అప్పుడు తగిలింది వాసన. గొడుగులది కాదు. కుట్టుమిషను నూనెది. చిన్నప్పుడు వాళ్ళమ్మ దగ్గర వచ్చే వాసనే, కానీ దీని అడుగున ఇంకేదో కుళ్ళు ఉంది. తేనె నవ్వు ఆగిపోయింది. కాల్ కట్ చేశాడు. కట్ కాలేదు. హెడ్‌సెట్ తీసి టేబుల్ మీద పడేశాడు, వైరు పీకేశాడు.

పక్క టేబుల్ మీది హెడ్‌సెట్‌లోంచి వినిపించింది. టక టక టక... తరవాత దాని పక్కదాంట్లోంచి. ఆ వరస దాటి వెనక వరసలోంచి. ఖాళీ కుర్చీల ముందున్న ఇరవై హెడ్‌సెట్లూ ఒక్కసారిగా గుసగుసలాడాయి.

"డబ్బు నాకెందుకు తమ్ముడూ... నాకింకా బతకాల్సిన రోజులున్నాయి. అవి తీసేసుకున్నావు. రోజులకు రోజులే ఇవ్వాలి. వడ్డీతో..."

దీపాలు ఆరిపోయాయి. ఏసీ ఆగింది. వాన చప్పుడు కూడా వినబడడం లేదు. తేనెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. చప్పుడు ఇప్పుడు హెడ్‌సెట్లలోంచి రావడం లేదు. దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి... వాడి టేబుల్ కిందే, వాడి కాళ్ళ పక్కనే, ఎవరో తొక్కుతున్నారు.

"నాదే అను. ఒక్క మాట. ఈవేళకి ఒక్క రోజు ఇవ్వు చాలు... ఫైలు మూయించేస్తాను."

ఎంత భయంలో ఉన్నా ఆ మాటలు ఎక్కడివో వాడికి తెలిసింది. అవి వాడివే. ఒప్పుకుంటే ఏమవుతుందో వాడికంటే బాగా తెలిసినవాడు ఆ ఊళ్ళో లేడు. ఒప్పుకోకూడదు. చచ్చినా ఒప్పుకోకూడదు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. పళ్ళు కరిచిపెట్టాడు. చీలమండకు చల్లగా ఏదో తగిలింది... ఆడమనిషి పాదం. కదులుతోంది. ముందుకీ... వెనక్కీ... కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి కానీ వాడు నోరు విప్పలేదు.

ఎంతసేపో తెలియదు. చప్పుడు ఆగింది.

"గట్టివాడివే," అంది గొంతు, చెవి పక్కనే. "సరే తమ్ముడూ. ఇంట్లోవాళ్ళతో మాట్లాడతాను."

దీపాలు వెలిగాయి. మెట్ల మీద నవ్వులు, అడుగుల చప్పుళ్ళు. భోజనాలకు వెళ్ళినవాళ్ళు గొడుగులు దులుపుకుంటూ వచ్చారు. ఏంటి తేనె, దెయ్యాన్ని చూసినట్టున్నావ్ అని ఒకడు ఎగతాళి చేశాడు. తేనె వెర్రినవ్వు నవ్వాడు. నేను అనలేదు, ఆ మాట అననే లేదు, గెలిచాను అనుకున్నాడు. అలా అనుకుంటూ అనుకుంటూ ఉండగా చివర ఆమె అన్నదేమిటో బుర్రకెక్కింది.

ఇంటికి ఫోన్ చేశాడు. ఎంగేజ్. మళ్ళీ చేశాడు. ఎంగేజ్. మెట్లు రెండేసి చొప్పున దూకుతూ కిందికి వచ్చి, వానలోనే స్కూటర్ తీశాడు. దారిలో నాలుగుసార్లు ఆగి చేశాడు. ఎంగేజే.

వాడి భార్య ముందుగదిలో ఆరని బట్టలను కుర్చీల మీద పరుస్తోంది. నిలువునా తడిసిన మొగుణ్ణి చూసి ఆశ్చర్యపోయింది.

"అదేంటండీ, ఇప్పుడేగా ఫోన్ పెట్టేశారు? అప్పుడే ఎలా వచ్చేశారు?"

ఆవిడే చెప్పుకుపోయింది. ఈవేళ ఏం ముంచుకొచ్చిందో కానీ ఎంత ప్రేమగా మాట్లాడారో, పిల్లకివ్వు పిల్లకివ్వు అని అడిగి మరీ ఇప్పించుకున్నారని, అరగంట కబుర్లాడారని, ఇంట్లో కూడా రోజూ అలాగే మాట్లాడితే ఎంత బాగుంటుందని దెప్పింది. వానకు బడికి సెలవిచ్చారట. ఏడేళ్ళ కూతురు వంటింటి గుమ్మంలో అటు తిరిగి కూర్చుని బొమ్మకు రంగులు వేసుకుంటోంది.

తేనె వెళ్ళి దాని వెనకాల మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నేను... నేనేం అడిగాను తల్లీ?"

"భోంచేశావా అన్నావు," అంది పిల్ల, తలెత్తకుండా. "నాన్నకు ఒక బాకీ ఉంది, నువ్వు మంచి పిల్లవు కదా, అది మీదేనా అన్నావు."

"నువ్వేమన్నావు?"

"అవును, మాదే అన్నాను."

కాదను తల్లీ, మాది కాదని చెప్పు, గట్టిగా చెప్పు అని పిల్ల భుజాలు పట్టుకుని కుదిపేశాడు. ఒప్పుకున్న మాటను వెనక్కి తీసుకునే దారి తన వృత్తిలోనే లేదని ఆ క్షణాన గుర్తొచ్చింది. అది నా మీద వెయ్యి, నాదే, నాదే అని లేచి గోడలకేసి అరిచాడు. ఎవరూ పలకలేదు. భార్య చేతిలో తడిబట్టతో కొయ్యబారి చూస్తోంది.

పిల్ల భయపడి లేచి నిలబడింది. రోజూ వాడి నడుం దాకా వచ్చే పిల్ల. ఒక్క పూటలో మూడేళ్ళు ఖర్చయిపోయినట్టు, ఇప్పుడు దాని తల వాడి ఛాతీకి తగిలింది. మొన్న కొన్నప్పుడు పిక్కల దాకా ఉన్న గౌను మోకాళ్ళ పైకి వచ్చేసింది. అప్పటికీ ఎవరో దాని అంచు విప్పి, మూడువేళ్ళ మేర కిందికి దించి, సన్నటి కుట్టుతో మళ్ళీ కుట్టి ఉన్నారు.

దారం ఇంకా తెంపలేదు. అంచు నుంచి వేలాడుతున్న ఆ తెల్లదారం నేల మీదుగా సాగి, మూసి ఉన్న పడగ్గది తలుపు కిందికి వెళ్ళింది. తేనె చూస్తుండగానే అది మెల్లగా బిగిసింది.