ముక్కుతో మొదలైంది

కలిసిన మొదటిరోజే ఆ అమ్మాయి నా ముక్కులో బ్రష్ పెట్టింది.

“కదలకండి.”

“తుమ్మొస్తోందండీ!”

“ఆపుకోండి.”

తుమ్ము మన మాట వింటుందా? సరిగ్గా ఆమె కళ్ళద్దాల మీదే తుమ్మాను. తుడుచుకుంటూ ఆమె చూసిన చూపుకు సిగ్గుతో చచ్చిపోయాను.

మాది బేకరీ. నాన్నా నేనూ నడుపుతాం. ఏడాదిగా పిండి కలిపితే చాలు, నాకు ఆయాసం. ఆ పని మానేయమన్నాడు డాక్టర్. నాకు వచ్చిన పని అదొక్కటే, ప్రాణం కూడా అదే. అందుకే, నాకు పడనిదేమిటో తేల్చుకోవడానికి, ఆ అమ్మాయి పీహెచ్‌డీ చేస్తున్న ఈ ల్యాబ్‌లో పరిశోధనకు ఒప్పుకున్నాను.

బొటనవేలంత చిప్. అందులో సన్నటి పొర మీద నా ముక్కులోని కణాలను పెంచారు. కింద ద్రవాహారం పారుతుంది, పైన గాలి ఆడుతుంది. నెల తర్వాత మైక్రోస్కోప్‌లో చూపించింది. సన్నటి నూగు గాలికి పైరులా ఊగుతోంది.

“ఇవన్నీ నావేనా?”

“మీవే. మీకన్నా బుద్ధిగా ఉన్నాయి.”

ఇక వాటి మీద పిండి దుమ్మునూ, బ్రెడ్ మెత్తదనం కోసం మేం కలిపే పౌడర్‌నూ విడివిడిగా వదిలి చూస్తామంది. కణాల క్షేమం అడిగే వంకతో వారం వారం బన్నులు పట్టుకుని వెళ్ళాను. వరండాలో కూర్చుని తినేది, నవ్వేది.

ఒకరోజు మైక్రోస్కోప్ దగ్గర ఎవరో పెద్దాయన ఉన్నాడు.

“మీ చిప్ ఇకనుంచి ఆయన చూస్తారు,” అంది.

నాకు ఒళ్ళు మండింది. “నా ముక్కంటే అప్పుడే విసుగొచ్చేసిందా?”

“విసుగా! పిండి మీకు పడాలని రోజూ కోరుకుంటున్నా. అలా కోరుకునే మనిషి ఆ పరీక్ష చేయకూడదు. అందుకే తప్పుకున్నా.”

“మీ గైడ్‌తో ఏం చెప్పారు?”

“ఉన్నదే చెప్పా,” అంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఆ సాయంత్రమే నాన్నకు అంతా చెప్పేశాను.

రెండు వారాల తర్వాత పరుగున బేకరీకి వచ్చింది. “పిండి కాదు! ఆ పౌడర్‌కే మీ కణాలు దెబ్బతిన్నాయి! కానీ చిప్ మాటే ఆఖరు కాదు. పదండి, డాక్టర్ దగ్గర పరీక్ష చేయించుకుందాం.”

ఆ పరీక్షా అదే తేల్చింది. నాన్న పౌడర్ డబ్బాలన్నీ తీసి అవతల పారేశాడు. చేతులు దులుపుకుని ఆమె వైపు తిరిగాడు.

“పరీక్షలన్నీ అయిపోయాయిగా అమ్మా! ఇక మావాడి పక్షాన ఉండడానికి అడ్డేం లేదుగా?”

ఆమె తల దించుకుంది.

“లేదు, మామయ్యా.”