ఆదివారం లాంగ్ బెల్

ఆదివారం పొద్దున్న ఏడింటికే అల్లుడు రొట్టెల పిండి కలపడం మొదలుపెట్టాడు. కిటికీ అద్దాలకు మంచు పట్టి వీధి కనిపించడం లేదు. వంటింట్లో ఓవెన్ వెలిగించారు కాబట్టి ఇంటి మొత్తానికి అదొక్కటే వెచ్చటి గది. పెద్దావిడ స్టవ్ పక్కన స్టూలు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. చేతులు వెల్లుల్లి మీదున్నా, కళ్ళు మాటిమాటికీ తన గది తలుపు వైపు పోతున్నాయి. ఆ తలుపు వెనక ఆవిడ సంచి సర్దిపెట్టి ఉంది.

కూతురింటికి వచ్చి ఆరేళ్ళు. అల్లుడు వడ్రంగి. బల్లలూ కుర్చీలూ చేసే సొంత షెడ్డు ఉంది. వారమంతా చెక్కతో కుస్తీ పట్టే మనిషికి చలి మొదలైతే చాలు, వంట మీదికి గాలి మళ్ళుతుంది. చలి వదిలేదాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం స్నేహితులకు ఇంట్లో భోజనం. దానికోసమే పొడుగాటి బల్ల చేశాడు, ఎనిమిది కుర్చీలు చేశాడు. కూతురు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఆదివారం వస్తే ఆమె చేతిరాత బల్ల మీద కనబడుతుంది. ఏం వండారో చిన్న అట్టముక్కల మీద రాసి పళ్ళేల పక్కన నిలబెడుతుంది. పళ్ళేలు ఒకదానికొకటి పొంతన లేనివి. కావాలనే అలా కొన్నారట, అదే అందమట. నార గుడ్డ చేతిరుమాళ్ళు, గాజు గ్లాసులో మూడు కొమ్మలు, పట్టపగలే కొవ్వొత్తులు.

మొదట్లో పెద్దావిడకి నవ్వొచ్చేది. పళ్ళెం చేటంత, తిండి చిటికెడంత అని తోడికోడలికి చెప్పుకుని నవ్వింది కూడా. గుమ్మడికాయ సూపు మీద మీగడతో గుండ్రంగా గీత గీస్తాడు అల్లుడు, పలక మీద సున్నా చుట్టినట్టు. కానీ రెండో చలికాలానికి ఆవిడకి ఆదివారమంటే ప్రాణమైపోయింది. శనివారమే కొవ్వొత్తుల ఒత్తులు కత్తిరించి ఉంచేది. ఏ కప్పు ఏ పళ్ళెం పక్కన పెడితే బాగుంటుందో ఎవరూ చూడకుండా పెట్టి చూసుకునేది. అందరూ వచ్చాక మాత్రం వంటింటి గుమ్మం దాటేది కాదు. వడ్డనకి అందించడం, అక్కడే నిలబడి నవ్వులు వినడం, స్టూలు మీదే తన భోజనం. ఎంత పిలిచినా కాళ్ళ నొప్పులనేది.

చిక్కంతా ఆఖర్లో వచ్చేది. దాల్చినచెక్క చల్లి కాల్చిన యాపిళ్ళు తిని, కోకో కప్పులు చేతుల్లోకి తీసుకుని, ఎవరో ఒకరు కుర్చీ కాస్త వెనక్కి జరిపేవారు. ఆ కిర్రుమనే చప్పుడు వినగానే పెద్దావిడ కొళాయి పూర్తిగా తిప్పేసేది. గిన్నెలు, మూతలు, బేసిన్లు ఒకదాని మీద ఒకటి పడి దబదబా మోగేవి. ఆ మోతలో మాట వినపడేది కాదు. అల్లుడి స్నేహితుడు, బళ్ళో లెక్కలు చెప్పే పొడుగాటాయన, అందరూ నిచ్చెన మాస్టారు అంటారు, మొదటిసారే నవ్వుతూ లేచాడు. "లాంగ్ బెల్ కొట్టేశారు, బడి వదిలేసినట్టే," అన్నాడు. ఆ మాట నిలిచిపోయింది. గిన్నెలు మోగితే ఇక ఇళ్ళకి పోవాలని అర్థం.

నవ్వుతాలుగా మొదలైంది కాస్తా ఈ ఏడు ముదిరింది. పోయిన ఆదివారం పూలకొట్టు ఆవిడ సగం కోకో కప్పులోనే వదిలేసి లేచింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర కూతురి చెయ్యి పట్టుకుని, మేం రావడం మీ అమ్మగారికి భారంగా ఉందేమో, ఇకనించి మా ఇంట్లో కలుద్దాంలే అంది. కూతురి ముఖం మాడిపోయింది.

శుక్రవారం సాయంత్రం కూతురే వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆదివారాలు భోజనం వేళకి పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్తానంది. పెద్దమ్మంటే పెద్దావిడ తోడికోడలు, రెండు వీధుల అవతల ఉంటుంది. ఈ చలికాలం వరకేననీ, అమ్మకి విశ్రాంతిగా ఉంటుందని ఆయనే అన్నారనీ చెప్పింది. పెద్దావిడ అలాగేనంది. ఎందుకని అడగలేదు, వద్దనలేదు. కూతురు వెళ్ళాక దుప్పటి అంచు మడతలు పెడుతూ, విప్పుతూ చాలాసేపు కూర్చుంది.

ఇప్పుడు పదిన్నర అయింది. రొట్టెలు ఓవెన్‌లోకి వెళ్ళాయి. కూతురు చేతులు తుడుచుకుంటూ అమ్మ గదిలోకి వచ్చి సంచి ఎత్తబోయింది. సంచి లేవలేదు.

"ఏం పెట్టావమ్మా ఇందులో, రోలుందా?"

వెనకే వచ్చిన పెద్దావిడ గుమ్మంలో ఆగిపోయింది. కూతురు జిప్పు లాగింది. పైన మందుల డబ్బా. దాని కింద ఆవిడకున్న బట్టలన్నీ, చలిదుప్పటి, పాత కళ్ళజోడు, నాన్న ఫోటో. అన్నిటికన్నా అడుగున దిండు గలీబు, నాలుగు మడతలు పెట్టి.

"ఒక్క పూటకి దిండు గలీబు ఎందుకమ్మా?"

"ఉండనీలే."

"ఉండనీలే ఏంటి? సాయంత్రం నాలుక్కి నేనే వచ్చి తీసుకొస్తానని చెప్పానా లేదా?"

"చెప్పావు. పూటకనే మొదలవుతుందే చిట్టీ."

కూతురు సంచి వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. వారం రోజులుగా లోపల ఉడుకుతున్నది ఇక మూత తన్నేసింది.

"అంటే నిన్ను ఇంట్లోంచి పంపేస్తున్నామనా? ఊళ్ళో వాళ్ళు వింటే ఏమనుకుంటారు? ఆయన పాపం నీకు అలసటగా ఉందేమో, మనుషులు గిట్టడం లేదేమోనని ఆలోచించి అన్నారు. గిట్టకపోతే గిట్టదని చెప్పొచ్చుగా. వచ్చినవాళ్ళని గిన్నెలు మోగించి లేపేయడం ఏంటి? అడిగితే నోరు విప్పవు."

పెద్దావిడ గోడకేసి చూస్తోంది. కూతురి గొంతు తగ్గింది. తగ్గిన గొంతులోనే అసలు మాట వచ్చింది.

"నువ్వు మొదట్నించీ అంతేనమ్మా. బడికెళ్తుంటే అందరి అమ్మలూ గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. నువ్వు గిన్నెలు తోముతుండేదానివి. నా పెళ్ళయి వెళ్ళిపోతుంటే కారెక్కి వెనక్కి తిరిగి చూశాను. నాన్న ఉన్నాడు, పెద్దమ్మ ఉంది, పక్కింటివాళ్ళు కూడా ఉన్నారు. నువ్వు లేవు. లోపల్నుంచి గిన్నెల చప్పుడొస్తోంది. ఇరవై ఏళ్ళయింది. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది."

పెద్దావిడ మంచం మీద కూర్చుంది. ఒడిలో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"నలభై గ్లాసులు కడిగానే ఆ రోజు," అంది. "కడిగినవే మళ్ళీ కడిగాను."

కూతురికి అర్థం కాలేదు. పెద్దావిడ నెమ్మదిగా, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు చెప్పుకొచ్చింది. ఇది తన చిన్నప్పటి మాట, తనకి ఏడేళ్ళప్పుడు. ఇంటికి చుట్టాలు భోజనానికొచ్చారు. ఆ రోజంతా నవ్వులే. తనే అందరికీ నీళ్ళందించింది. తిన్నాక అందరూ లేచారు. పిల్లలు లేని ఒక దూరపు పిన్ని, దీన్ని నాలుగు రోజులు మా ఇంట్లో ఉంచుకుని పంపిస్తానంది. అమ్మకి అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు. సరేనంది. గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది. అమ్మ వేళ్ళకి వడ్డన తడి ఇంకా ఆరలేదు.

"నాలుగు రోజులన్నారు. పదకొండేళ్ళు ఉంచుకున్నారు. నేను తిరిగొచ్చేసరికి ఆ గుమ్మంలో నిలబడడానికి అమ్మ లేదు."

వంటింట్లోంచి రొట్టె వాసన వచ్చి గదిలో నిండుతోంది.

"అప్పట్నించీ తిన్నాక మనుషులు కుర్చీల్లోంచి లేస్తే నేను గుమ్మం వైపు చూడలేను. కొళాయి తిప్పితే తలుపు చప్పుడు వినబడదు. ఎవరు వెళ్ళారో ఎప్పుడు వెళ్ళారో తెలీకుండా గడిచిపోతుంది. వాళ్ళు గిట్టకేం? వాళ్ళు వెళ్ళిపోతారనే నా బాధ. నువ్వు బడికెళ్ళినా అంతే. సాయంత్రం నీ చెప్పుల చప్పుడు వినబడితే గానీ నాకు ఊపిరి ఆడేది కాదు."

కూతురు నేల మీద చతికిలబడిపోయింది. ఎప్పుడూ చెప్పలేదేం అని అడిగింది. ఏం చెప్పను, ముసలిది పిచ్చిదనుకుంటారని అంది పెద్దావిడ. ఇద్దరికీ ఒక్కసారే ఏడుపొచ్చింది. కూతురు తల అమ్మ ఒళ్ళోకి వాలింది. పెద్దావిడ వెల్లుల్లి చేతులతోనే ఆ జుట్టు నిమిరింది.

తలుపు దగ్గర అలికిడైంది. అల్లుడు నిలబడి ఉన్నాడు, మోచేతుల దాకా పిండితో. ఎంతసేపయిందో.

"అత్తయ్యా, ఆ పొట్టి కుర్చీ ఎవరికోసం చేశాననుకున్నారు?" అని అడిగాడు.

ఎనిమిది కుర్చీల్లో ఒకటి మిగతావాటికన్నా రెండంగుళాలు పొట్టి. దాన్నెప్పుడూ గోడవారగా వేసి పెట్టేవారు. పెద్దావిడకి తెలుసు.

"కొలత తప్పిపోయిందనుకున్నాను బాబూ. పైకి చెబితే మీరు చిన్నబోతారని ఊరుకున్నా."

అల్లుడి ముఖం చూడాలి. పాతికేళ్ళుగా చెక్క కోస్తున్నవాణ్ణి, నాకు కొలత తప్పుతుందా అని నిజంగానే నొచ్చుకున్నాడు. మామూలు కుర్చీలో ఆవిడ కాళ్ళు నేలకి ఆనవని గమనించి, షెడ్డులో ఆఖర్న ఆ ఒక్కదాని కాళ్ళు కోశాడట. కూర్చోమంటే కాళ్ళ నొప్పులంటుంటే, మొహమాటపెట్టడం ఎందుకని మానేశాడట. పెద్దమ్మ ఇంటికి పంపుదామన్నది కూడా ఆ నొప్పులు నమ్మేనట. "అడక్కపోవడం నా తప్పే అత్తయ్యా," అన్నాడు. "మీరు చెప్పకపోవడం కూడా కాస్త తప్పే."

"మరి రొట్టెలు?" అంది పెద్దావిడ.

అల్లుడు పరుగెత్తాడు. పైన కొంచెం నల్లబడ్డాయి. అట్టముక్క మీద కూతురు రొట్టె అని రాసినదాని పక్కన, కరకరలాడేది అని చేర్చింది. తోడికోడలికి ఫోన్ చేసి ఇవాళ రావడం లేదని చెప్పారు. అయితే నా మోకాళ్ళ సంగతి ఎవరికి చెప్పుకోనని ఆవిడ విసుక్కుంది.

పన్నెండున్నరకి అందరూ వచ్చారు. మాస్టారు ఎప్పటిలాగే తలుపు దగ్గర తల వంచి, అక్రోట్లున్న పెద్ద రేకు డబ్బాతో వచ్చాడు. పూలకొట్టు దంపతులు వస్తారో రారో అనుకున్నారు. కూతురు ఫోన్లో ఏం చెప్పిందో గానీ వచ్చారు. ఆవిడ చేతిలో తెల్లపూలున్నాయి. వాటిని బల్ల మీద పెట్టకుండా నేరుగా పెద్దావిడ చేతికిచ్చింది.

పొట్టి కుర్చీ బల్ల దగ్గరికి, అందరి మధ్యకి వచ్చింది. పెద్దావిడ కూర్చుంది. అరికాళ్ళు రెండూ నేలకి ఆనాయి. సూపు చెంచాతో తాగాలా, కప్పెత్తి తాగొచ్చా అని కాసేపు గుంజాటన పడి, మాస్టారు కప్పెత్తడం చూసి తనూ ఎత్తింది. పై పెదవికి మీగడ అంటుకుంటే కూతురు చేతిరుమాలు అందించింది. ఇన్నాళ్ళూ ఇస్త్రీ చేయడమే గానీ ఆ నార రుమాలుతో మూతి తుడుచుకోవడం ఆవిడకి అదే మొదటిసారి. అంత ఇస్త్రీ చేసిన గుడ్డని పాడుచేయడానికి మనసొప్పక ఒక మూలతోనే అద్దుకుంది.

యాపిళ్ళయ్యాయి. కోకో అయింది. కిటికీ బయట ఎండ వాలింది. ఎవరూ లేవలేదు. మాస్టారు గడియారం చూసుకున్నాడు, వంటింటి వైపు చూశాడు, మళ్ళీ గడియారం చూసుకున్నాడు.

"అమ్మగారూ, లాంగ్ బెల్ ఏదండీ? కొట్టందే ఎలా వెళ్ళడం?"

"ఇవాళ బెల్లు లేదు మాస్టారూ. ప్యూను సెలవు పెట్టింది."

బల్లంతా ఘొల్లుమంది. ఆ నవ్వులోనే ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. కిర్రుమంది. పెద్దావిడ చేతులు బల్ల అంచుని పట్టుకున్నాయి. కళ్ళు కొళాయి వైపు పోయాయి. కూతురు పక్కనే ఉంది. అమ్మ మణికట్టు పట్టుకుంది, చిన్నపిల్లని రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టు. ఇద్దరూ గుమ్మం దాకా నడిచారు.

కోట్లు తొడుక్కోవడం, బూట్లు వెతుక్కోవడం, మధ్యలో మళ్ళీ కబుర్లు. సాగనంపడమంటే ఇంతసేపు పడుతుందని పెద్దావిడకి తెలీదు. పూలకొట్టు ఆవిడ మెట్లు దిగి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. పెద్దావిడ కూడా చెయ్యెత్తింది. చెయ్యి పూర్తిగా పొడిగా ఉంది.

మాస్టారు రెండు మెట్లు దిగి ఆగాడు. "డబ్బా మర్చిపోయానండీ. అక్రోట్ల డబ్బా."

"ఇంకా కడగలేదు," అంది పెద్దావిడ. "వచ్చే ఆదివారం తీసుకుందురు గానీ."

ఆయన సరేనని నవ్వుకుంటూ పొడుగాటి అంగలేసుకుంటూ వెళ్ళిపోయాడు. మూల తిరిగి కనబడకుండా పోయేదాకా ఆవిడ చూస్తూనే ఉంది. చలికి ముక్కు ఎర్రబడింది. లోపలికి రామ్మా అని కూతురు అంటే, ఉండవే, వీధి లైటు వెలిగాక వస్తానంది.

సంచిలోని బట్టలు కూతురు మళ్ళీ బీరువాలో సర్దింది. గలీబు తనే దిండుకు తొడిగింది. సూపు కప్పులు, పొంతనలేని పళ్ళేలు, రేకు డబ్బా, అన్నీ మర్నాడు పొద్దుటిదాకా సింకులోనే ఉన్నాయి.