మాట రాయని కాంగా

పొద్దున్నే సివేమా చాయ్ కాచి, బియ్యప్పిండితో రెండు వితుంబువాలు వేయించి పళ్లెంలో పెట్టి, పైన మూత వేసి అత్తగారి గుమ్మం ముందు ఉంచి వెళ్లిపోయింది. తినమని అనలేదు. లోపలి నుంచి జుహురా కూడా ఉలకలేదు, పలకలేదు. సముద్రపు ఒడ్డు ఊరు టాంగాలో ఆ వేళకు వీధి పొడుగునా ప్రతి గుమ్మంలోనూ ఆడవాళ్ల గొంతులు లేస్తాయి. ఈ ఒక్క ఇంట్లో మాత్రం గ్లాసులో చెంచా తిప్పినా ఉలిక్కిపడేటంత నిశ్శబ్దం.

ఉన్నదే ఇద్దరు మనుషులు. కొడుకు హమాది లారీ తోలుకుంటూ కాంగో వైపు వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి. కోడలికి ఏడో నెల.

జుహురా తలుపు దగ్గరగా వేసుకుని, కొడుకు వదిలేసిన పాత కంప్యూటర్ తెరిచింది. ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి పాఠం పెట్టింది. బొమ్మలు గీయడం నేర్పే ఆ పిల్ల రోజూ ఒకేలా మొదలుపెట్టేది.

“పెద్దలెవరైనా చూస్తుంటే, షికామో.”

“మరహబా, తల్లీ,” అంది జుహురా గట్టిగా.

ఆ తీరంలో చిన్నవాళ్లు షికామో అనకుండా పెద్దల ముందు నుంచి దాటరు. పెద్దలు మరహబా అంటేనే ఆ దండం అందినట్టు. ఫోన్‌లో పిల్లకు బదులు చెప్పడం పిచ్చితనమని జుహురాకు తెలియక కాదు. రోజు మొత్తంలో ఆమెను పలకరించే గొంతు అదొక్కటే.

ఈ చదువు ఆమె సరదాకి మొదలుపెట్టింది కాదు. పుట్టబోయే బిడ్డను చుట్టడానికి నాయనమ్మ కాంగా జత ఇవ్వాలి. కాంగా అంటే చుట్టూ అంచు, నడుమ పెద్ద బొమ్మ, బొమ్మ కింద పెట్టెలో ఒక మాట. అక్కడి ఆడవాళ్లు నోటితో అనలేనిది బట్టతో అంటారు. జుహురా బజారంతా తిరిగింది. సగం కాంగాల మీద ఎత్తిపొడుపులు, మిగతా సగం మీద ఎవరికైనా సరిపోయే దీవెనలు. తను అనదలుచుకున్నది ఏదీ దొరకలేదు. నేనే వేయించుకుంటానని అద్దకం కొట్టుకు వెళ్తే, అక్కడి కుర్రాడు ఆమె బొమ్మ కోసం తెచ్చిన ఫొటో చూసి పెదవి విరిచాడు.

“ఇది గుడ్డంత పెద్దది చేస్తే అలుక్కుపోతుంది, బీ జుహురా. కంప్యూటర్‌లో గీతలతో గీయించి తీసుకురండి. దాన్ని గోడంత చేసినా చెక్కుచెదరదు.”

గీయించడం దేనికి, నేనే గీస్తానంది. యాభై ఏడేళ్ల మనిషి, అంతవరకు కంప్యూటర్ మీద దుమ్ము దులపడం తప్ప మరేమీ ఎరగదు.

గీత అంటే చేత్తో లాగితే వచ్చేదనుకుంది. ఇక్కడ లాగకూడదట. ఒక చుక్క పెట్టి, దూరంగా ఇంకో చుక్క పెడితే నడుమ గీత దానంతటదే పుడుతుంది. చుక్కకు ఇరువైపులా చిన్న పిడులుంటాయి. వాటిని పట్టి తిప్పితే గీత వంగుతుంది. మొదటిసారి కాంగా అంచుల్లో వేసే జీడిపప్పు ఆకారం గీయబోతే మేక నమిలిన ఆకు తయారైంది.

“చుక్కలు ఎక్కువైతే వంపు పాడవుతుంది. తగ్గించండి,” అంది ఫోన్‌లో పిల్ల.

“నీకేమమ్మా, ఎన్నైనా చెప్తావు. నీ వేళ్లకు వాతముందా, నొప్పులున్నాయా,” అని జుహురా విసుక్కుంది, విసుక్కుంటూనే చుక్కలు చెరిపింది.

నున్నటి జీడిపప్పు వచ్చిన రోజు ఆమె పట్టలేని సంబరంతో “ఇదిగో చూడవే” అంటూ వెనక్కి తిరిగింది. వెనక గోడ ఉంది. ఆ పూట మరి గీయలేకపోయింది.

ఈ మౌనానికి కారణం కూడా ఒక కాంగాయే. ఐదు నెలల కిందట పక్కింటి బీ తాతు పనిగట్టుకుని వచ్చి చెప్పింది, “నీ కోడలు ఏం కట్టుకుని బజారుకెళ్లిందో చూశావా? ‘నోరు నీది, ఇల్లు నాది’ అని రాసుంది. ఎవర్ని అంటోందో నేను వేరే చెప్పాలా?” జుహురా గుండెలో ముల్లు దిగింది. మర్నాడు సివేమా షికామో అంటే జుహురా మొహం తిప్పుకుంది. ఆ మర్నాడూ అంతే. కొన్నాళ్లకు సివేమా అనడం మానేసింది.

ఈ పొద్దున పాఠం ముగించి జుహురా స్నానానికి వెళ్లినప్పుడు సివేమా ఖాళీ పళ్లెం కోసం గదిలోకి వచ్చింది. కంప్యూటర్ తెరిచే ఉంది. తెర నిండా కాంగా. అంచు ఉంది, బొమ్మ ఉంది. కింద మాట ఉండాల్సిన పెట్టె తెల్లగా, ఖాళీగా ఉంది.

జుహురా తల తుడుచుకుంటూ వచ్చేసరికి కోడలు అక్కడే నిలబడి ఉంది.

“ఇది నా బిడ్డకేనా?”

ఇన్ని నెలలకు ఆమె నోట విన్న మొదటి మాట. జుహురా తల ఊపింది.

“పుట్టే బిడ్డకి కూడా మూగ గుడ్డేనా, అత్తయ్యా? ఊళ్లో పగవాళ్లకైనా ఏదో ఒక మాటున్న కాంగా ఇస్తారు. మాకు తిట్టు కూడా దండగేనా?”

“తిట్టడం నీకు చేతనైనట్టు నాకు చేతకాదులే. నోరు నాది, ఇల్లు నీదీనా?”

సివేమా తెల్లబోయింది. “ఏమంటున్నారు?”

“నడుముకు కట్టుకుని ఊరేగావుగా.”

“ఆ పసుపు పచ్చదా?” సివేమా మంచం మీద కూలబడింది. “దాని మీద ఏం రాసుందో నేను చూడనేలేదు. మా పుట్టింటి వైపు సింగిడాలో రంగు చూసి కొంటామండీ, ఉతికితే వెలిసిపోదు కదా అని అడుగుతాం. అక్షరాలు ఎవరు చదువుతారు? అడిగుంటే ఆ రోజే చెప్పేదాన్ని కదా.”

తీరంలో పుట్టిన మనిషి చదవకుండా కాంగా కొనదు. చదవకుండా కొనేవాళ్లు లోకంలో ఉంటారని జుహురాకు ఎన్నడూ తోచలేదు.

“రోజూ పొద్దున మీరు మరహబా అనడం గోడ అవతలికి వినిపిస్తుంది,” అంది సివేమా. “మొదటిరోజు ఎవరొచ్చారా అని పరిగెత్తుకొచ్చా. ఫోన్‌లో ఎవరో పిల్ల. ఆ పిల్లకి రోజూ జవాబిస్తారు. ఇంట్లో ఉన్నదాన్ని, నేను గోడకి చెవి పెట్టుకుని వినేదాన్ని. నాకు అన్నట్టు అనుకుందామని.”

జుహురా కళ్లు నిండాయి. కోడలి చెయ్యి పట్టుకుని తెర దగ్గరకు లాగింది.

“పెట్టె ఒక్కటే చూశావు. నడుమ ఏముందో చూడవే.”

నడుమ పొద్దుతిరుగుడు పువ్వు. టాంగాలో ఎవరూ కాంగా మీద వేయించుకోని పువ్వు. సింగిడాలో సివేమా పుట్టింటి చుట్టూ ఎటు చూసినా అవే చేలు.

“ఒక్క రేకు గీయడానికే నా ప్రాణం పోయింది. తర్వాత దాన్నే చుట్టూ తిప్పుకుంటూ వచ్చా. మాట ఖాళీగా పెట్టింది నీ మీద కోపంతో కాదే. ఏమని రాయాలో తెలియక. పలకరింపే లేనిచోట ఏ మాట రాసినా అబద్ధంలాగే ఉంది.”

సివేమా చాలాసేపు పువ్వునే చూసింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, బరువుగా లేచి, అత్తగారి ఎదుట తల వంచింది.

“షికామో, అత్తయ్యా.”

“మరహబా, నా తల్లీ. మరహబా.”

ఆ పూటే జుహురా ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ పెట్టెలో ‘మరహబా’ అని రాసింది. కోడలు పక్కన కూర్చుని “ఇంకొంచెం పెద్దగా” అంటూ ఉంటే సాగదీస్తూ పోయింది. ఎంత సాగదీసినా గీత చెదరలేదు.

మర్నాడు పొద్దున గుమ్మం ముందు పళ్లెం లేదు. జుహురా ఎప్పటిలాగే ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి పాఠం పెట్టింది. అంతలో వంటింట్లోంచి “చాయ్ చల్లారిపోతోంది, వస్తారా రారా” అని కేక వినపడింది. ఆమె ఉన్నపళంగా లేచి వెళ్లింది.

పెద్దలెవరైనా చూస్తుంటే షికామో అని ఫోన్‌లో పిల్ల అన్నప్పుడు ఆ గదిలో ఎవరూ లేరు.