ఏటి కొట్నావే

"ఏటి కొట్నావే."

హరిచందన అన్నది ఆ రెండు ముక్కలే. దానికి రెండు స్ట్రోకులు పెనాల్టీ పడింది.

విశాఖలో మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ టోర్నమెంట్, రెండో రోజు. పదహారో హోల్ దగ్గర హైదరాబాద్ అమ్మాయి హేమశ్రీ కొట్టిన బంతి సముద్రపు గాలిని కోసుకుంటూ వెళ్లి జెండాకి జానెడు దూరంలో ఆగింది. తరవాత కొట్టాల్సింది హరిచందన; ఏ క్లబ్, అంటే ఏ గోల్ఫ్ కర్ర, తియ్యాలో ఇంకా ఎంచుకోలేదు. ఆ షాటు చూసి ఆగలేక ఆ మాట అంది. వెనకాల తెల్లటోపీతో నిలబడ్డ రిఫరీ చటుక్కున ముందుకొచ్చాడు.

"సారీ అండీ. మీకు టూ స్ట్రోక్స్ పెనాల్టీ."

"ఎందుకు సార్?"

"ఏ క్లబ్‌తో కొట్టావని ఆవిణ్ణి అడిగారు. మీ బ్యాగు మోసే క్యాడీని తప్ప ఎవరినీ సలహా అడక్కూడదు. రూలు."

"నాను అడగలేదు సార్."

"నా చెవులతో విన్నానండీ. ఏటి అంటే ఏమిటి అని. నేనీ ఊరొచ్చి రెండేళ్లయింది, ఆ మాత్రం తెలుసు."

"రెండేళ్లకే మా బాస మొత్తం వచ్చీసిందేటి?"

హేమశ్రీని అడిగితే, తనేమీ పట్టించుకోలేదని గ్లోవ్ సర్దుకుంది. రిఫరీ మాటకి అప్పీలు లేదు. హరిచందన పళ్లు నూరుకుంటూ వెళ్లి తన షాటు కొట్టింది. కోపంలో కొట్టినా బాగానే కొట్టింది, అది వేరే సంగతి.

ఆ రిఫరీ పేరు సాయిశంకర్. భీమవరం కుర్రాడు. పోర్టులో ఇంజినీరు. సెలవు పెట్టుకుని మరీ గోల్ఫ్ పోటీలకి రిఫరీగా నిలబడే పిచ్చి ఉంది. రూల్సు కంఠతా వచ్చు. రిఫరీ చప్పట్లు కొట్టకూడదు కాబట్టి, హరిచందన మంచి షాటు కొట్టినప్పుడల్లా రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుంటున్నాడు. మనసులో ఉన్నది తీర్పులోకి రాకూడదని బిగుసుకుపోయి, అవసరమైనదానికంటే కఠినంగా తయారయ్యాడు.

హరిచందనకి ఆ రెండు స్ట్రోకులూ చిన్నవి కావు. గోల్ఫ్‌లో తక్కువ స్ట్రోకుల్లో ముగించినవాళ్లదే గెలుపు. ఆమె ఉక్కునగరం పిల్ల. తండ్రి కొండలరావు స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. సీజన్‌లో ఇదే ఆఖరి టోర్నమెంట్. గెలిస్తే వచ్చే ఏడాదికి టూర్ కార్డు వస్తుంది, దేశమంతా తిరిగి ఆడొచ్చు. గెలవకపోతే ప్రొఫెషనల్ గోల్ఫ్‌కి దణ్ణం పెట్టి, సోమవారం రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరతానని తండ్రికి మాటిచ్చింది. పొద్దున హేమశ్రీ కంటే ఒక్క స్ట్రోకు వెనకబడి ఉన్న మనిషి, సాయంత్రానికి మూడు స్ట్రోకులు వెనకబడింది.

ఆట ముగిసేసరికి వాన మొదలైంది. తడుస్తూ నడిచిపోతున్న ఆమె మీద సాయిశంకర్ గొడుగు పట్టబోయాడు.

"రూలు సూసుకున్నారా సార్?" అంది హరిచందన ఆగకుండానే. "గొడుగు పట్టుకుంటే ఇంకో రెండు స్ట్రోకులు ఏసీగల్రు."

గొడుగు సాయిశంకర్ చేతిలోనే ఉండిపోయింది. అతను కూడా తడిశాడు.

మర్నాడు తెల్లారకముందే, పోర్టులో అతనితో పనిచేసే అప్పలసూరి వచ్చి తలుపు కొట్టాడు. ఇంటికి చుట్టాలొస్తున్నారట, చేపలు కొనాలట. సాయిశంకర్‌ని బండెక్కించుకుని ఫిషింగ్ హార్బర్‌కి లాక్కెళ్లాడు. అక్కడ ఒక బోటు మీంచి ఇద్దరు మనుషులు పట్టుకుని దించేంత పెద్ద కోనాం చేప దిగుతోంది.

"ఏటి పట్నావు బావా," అన్నాడు అప్పలసూరి బోటతనితో.

బోటతను పొంగిపోయాడు. మీసం దువ్వుకుని నవ్వాడు.

"కోనాం అని కనిపిస్తూనే ఉందిగా. ఏమిటి పట్టావని మళ్లీ అడగడం దేనికి?" అన్నాడు సాయిశంకర్.

"అడగడమేటి బావా? మెచ్చుకున్నాను. మీ భీమవరంలో 'ఏం పట్టావురా' అనరా?"

"అది 'ఏం' కదా."

"మాకు ఏం అన్నా ఏటే, ఏమిటన్నా ఏటే. రెండేళ్లయింది, ఇంకా ఇది తెలీదేటి?"

సాయిశంకర్‌కి నిన్నటి మాట గుర్తొచ్చింది. భీమవరంలో 'ఏం కొట్టావే' అంటే మెచ్చుకోలు, 'ఏమిటి కొట్టావే' అంటే ప్రశ్న. ఈ రెంటికీ ఇక్కడ మాట ఒకటే. పక్క అమ్మాయి ఆటని మనసారా మెచ్చుకున్నందుకు ఆ పిల్లకి శిక్ష వేశాడు తను.

చేపలూ చుట్టాలూ అప్పలసూరికే వదిలేసి గోల్ఫ్ కోర్సుకి ఆటో ఎక్కాడు. చీఫ్ రిఫరీ జ్యోతిర్మయి గారు అప్పుడే టిఫిన్ ముందు కూర్చున్నారు. ఆవిడది విజయనగరం, ఆ యాస మధ్యే పెరిగారు. జరిగింది విని ఇడ్లీ పక్కన పెట్టి నవ్వారు.

"క్లబ్ అడిగిందన్నావు గానీ, ఏ మాట అందో నిన్న చెప్పావటయ్యా?"

"లేదు మేడం. తప్పు నాదే."

"రిఫరీవి నువ్వే ఒప్పుకున్నావు, పోటీ ఇంకా అవలేదు కాబట్టి దిద్దొచ్చు. రెండు స్ట్రోకులూ తీసేస్తున్నాను. సరే, ఇవాళ కూడా ఆ గ్రూపుకే వెళ్లు."

"వెళ్లలేను మేడం."

"భయమా?"

"కాదు. ఆ అమ్మాయి గెలవాలని ఉంది నాకు. అలాంటివాడు రిఫరీగా నిలబడకూడదు."

ఆవిడ కళ్లజోడు పైనుంచి చూశారు. "ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచీ ఉన్నట్టుంది. పెనాల్టీ వేశాక బాగా తెలిసింది."

"టోపీ ఇచ్చెయ్యి," అన్నారు జ్యోతిర్మయి గారు. గొంతులో కోపం మాత్రం లేదు.

ఆ ఆఖరి రోజు సాయిశంకర్ ప్రేక్షకులకి కట్టిన తాడు అవతల జనంలో నిలబడ్డాడు. హరిచందన మిగిలిన ఒక్క స్ట్రోకు తేడా కూడా పూడ్చుకుని హేమశ్రీతో సమానమైంది. ఆఖరి హోల్‌లో హేమశ్రీ బంతి గుంట అంచు దాకా వెళ్లి పక్కకి తప్పుకుంది. హరిచందన బంతి రెండు మంచాల దూరంలో ఉంది. ఇది పడితే గెలుపు. ఆమె వంగి చూసింది, లేచింది, ఇంకోసారి వంగి చూసింది. కొట్టింది. బంతి గుంట చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఇంక తప్పదన్నట్టు లోపల పడింది.

ఉక్కునగరం నుంచి వచ్చిన జనం గోల గోల చేశారు. సాయిశంకర్ అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టాడు.

కొండలరావు నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర కూడా పోకుండా వచ్చాడు. కూతురి తల నిమురుతూ అడిగాడు.

"అయితే కార్డు వచ్చీసినట్టేనా అమ్మా?"

"వచ్చీసింది నాన్నా."

"ఆ రుషికొండ కంపెనీవోల్లకి నానే ఫోన్ సేత్తాను. మా పిల్లకి కాలీ లేదని సెప్పీస్తాను."

హరిచందన ఏడుస్తూ నవ్వింది. కప్పు తండ్రి చేతిలో పెట్టి, తాడు దాటి నేరుగా సాయిశంకర్ దగ్గరికొచ్చింది.

"మేడంగారు అంతా సెప్పారు. ఆవిడికి సెప్పినోరు నాకు సెప్పరేటి?"

"ఏది?"

"నాను గెలవాలని ఉందన్నారంట కదా."

"గెలిచారుగా, ఆ పని అయిపోయింది. ఇంకోటి మిగిలింది."

"అదే సెప్పండి."

"మీరంటే నాకిష్టం. చాలా."

కోపం ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు.

"నాకూ ఇష్టమే. పెనాల్టీ ఏసినోడి గురించి రేతిరంతా తిట్టుకుంటూ ఆలోసించేను. ఏ మనిసి గురించీ అంత ఆలోసించలేదు. అయినా ముందు నాన్నతో మాటాడండి."

సాయిశంకర్ వెళ్లి కొండలరావు ముందు నిలబడ్డాడు. "అండీ, మీ అమ్మాయి గురించి" అని మొదలుపెట్టాడు. కొండలరావు కూతురి మొహం చూసి విషయం గ్రహించాడు.

"మీకు రూల్సన్నీ వచ్చంట కదా బాబూ. మా ఇంట్లో ఉన్న రూలు ఒకటే. ఈ పిల్ల ఆడతానన్నన్నాల్లూ ఆడనివ్వాల."

"తప్పకుండా అండీ."

"అయితే అమ్మానాన్నల్ని తీసుకుని బోజనానికి రండి. కొత్త సీజను మొదలయ్యే రోజు మంచిది."

"ఆ రోజు నాను బెంగళూరులో ఆడతాను కదా నాన్నా," అంది హరిచందన.

"నువ్వెల్లి ఆడుకో అమ్మా," అన్నాడు కొండలరావు, సాయిశంకర్ భుజం మీద చెయ్యి వేసి. "మేం అందరం కూకుని టీవీలో సూత్తాం."